మనము మఱచిన సరకు

తెల్లవాడు పూసలును అద్దపు ముక్కలును చూపి మన వజ్రములను మూటగట్టుకొని పోయెనను మాట తెలుగిండ్లలో నెంత లోతుగా పాతుకొన్నదో చెప్ప నలవిగాదు. తాతలు మనుమల కిదియే చెప్పుదురు. సభలలో ఉపన్యాసకు లిదియే చెప్పి చప్పట్లు కొట్టించుకొందురు. అన్నోజిగూడలో మా యొద్ద చదువుకొను పిల్లలును పరీక్ష కాగితముపై నిదియే వ్రాయుదురు. వ్రాసినవారికి మార్కులు కూడ వచ్చును. ఈ మాటలో రెండు దోషములు గలవు. ఇది నిజము కాకపోవుట మొదటిది. మన పూర్వులను పూసలకు మురియు పసివాండ్రనుగా జూపి, వారు చేసిన కార్యములకు వారు బాధ్యులు కారని తేల్చివేయుట రెండవది. పసివానికి పాప మెక్కడిది? మా కీ రెండవ దోషమే పెద్దదిగా దోచుచున్నది. ఏలననగా నాటి ఓడలలో వస్త్రములును వజ్రములును మాత్రమే గాక మఱియొక సరకు కూడ నెక్కినది. దానిని గూర్చి మన యిండ్లలో మాట లేదు.

మొదట పూసల సంగతి తేల్చుకొందము. 1498లో వాస్కో ద గామా కళ్ళికోట చేరి, అచటి సామూతిరి రాజునకు పంపదలచి తీసిన కానుకల జాబితా నేటికిని నిలిచియున్నది. చాఱల గుడ్డలు 12, ఎఱ్ఱని తలముసుగులు 4, టోపీలు 6, పగడపు దండలు 4, చేతులు కడుగుకొను పళ్ళెములు 6, ఒక పెట్టె చక్కెర, రెండు పీపాల నూనె, రెండు పీపాల తేనె. రాజోద్యోగులు వీనిని జూచి నవ్విరి. మక్కానుండి వచ్చు మిక్కిలి బీద వర్తకుడు సయితము ఇంతకంటె నెక్కువ తెచ్చునని, రాజున కియ్యదలచినచో బంగారము తెమ్మని చెప్పి పంపిరి. పూసలకు మోసపోయిన దెవరు?

నూఱేండ్ల తరువాత కూడ ఈ చిక్కు తీరలేదు. 1600 డిసెంబరు 31వ తేదీన ఎలిజబెత్తు రాణి ఇంగ్లీషు కంపెనీకి సన్నదు నొసగునప్పుడే, ఒక్కొక్క యాత్రకు 30,000 పౌండ్ల విలువగల వెండిని దేశము దాటింప ననుమతి నీయవలసి వచ్చెను. తమ దేశపు వెండి తరలిపోవుట అచటివారి కిష్టమా? కాదు. కాని వారి యొద్ద మనకు గావలసిన సరకు వేఱొకటి లేదు. వారు నేసినది ఉన్ని సకలాతు. రోహిణీకార్తెలో రోళ్ళు పగులు బందరులో సకలాతు కట్టుకొను వాడెవ్వడు? ప్రభువులు గుడారములకును గుఱ్ఱపు జీనులకును కొంత కొనిరి, అంతటితో సరి.

1605లో డచ్చివారు బందరున దిగిరి; మఱుసటి యేడు నిజాంపట్టణమున నిలిచిరి. 1611లో హిప్పన్ అను నాయకుని క్రింద గ్లోబు అను ఇంగ్లీషు ఓడ వచ్చెను. పులికాటులో డచ్చివారు దానిని నిలువనీయనందున అదియు నిజాంపట్టణము మీదుగా బందరు చేరెను. వీరు దింపిన సరకులు చూడుడు: వెండి నాణెములు, బంగారము, జపాను రాగి, తగరము, సీసము, పాదరసము, హింగుళము, గంధపు చెక్క, కర్పూరము, మిరియములు, లవంగములు, జాజికాయ, జాపత్రి. వీనిలో పూస లెచట? ఆ వెండియైన దాని పుట్టుక యేమి? దక్షిణ అమెరికాలోని పొతోసీ కొండలో అచటి ప్రజలను వెట్టికి దింపి స్పెయిను ప్రభువులు త్రవ్వించిన వెండి సముద్రములు దాటి యూరపు చేరి, అచటినుండి మన రేవునకు వచ్చినది. ఆ వెట్టివాడు బందరు పేరు వినియుండడు. బందరు నేతగాడు పొతోసీ పేరు వినియుండడు.

పై జాబితాలో లవంగములు, జాజికాయ చూచి చదువరులు కొంద ఱాశ్చర్యపడవచ్చును. సుగంధద్రవ్యములకై తెల్లవారు మన దేశమునకు వచ్చిరని కదా చదువుకొన్నాము! మిరియములు మలబారువి, నిజమే. కాని లవంగము మలుక్కా దీవులది, జాజికాయయు జాపత్రియు బాందా దీవులవి. తెలుగు రేవులకు అవి దిగుమతి సరకులు. మన ముత్తవ్వలు తాంబూలములో నుంచిన లవంగము డచ్చి ఓడలో వచ్చినదే కావచ్చును. ఆ దీవులవారికి డచ్చివాని ఉన్ని అక్కఱలేదు, వెండిపై కూడ పెద్ద మక్కువ లేదు. వారు కోరినది మన కోస్తా బట్ట. బట్ట యిచ్చిననే లవంగము దొరకును. హెండ్రిక్ బ్రౌవరు అను డచ్చి అధికారి 1612లోనే కోరమాండలు తీరమును మలుక్కా దీవులకు ఎడమచేయిగా వర్ణించెను. ఆ చేయి లేనిదే అచట వర్తకము సాగదని ఆయన యభిప్రాయము.

ఆ బట్ట ఎట్టిదో చెప్పక ముందునకు సాగుట మాకు సాధ్యము కాదు. కోరావస్త్రమును ముందు పేడనీట నానవైచి, ఉదికి, ఎండకు వేయుదురు. తరువాత కరక్కాయపొడి కలిపిన గేదెపాలలో ముంచి ఆరవేయుదురు. పాలలోని క్రొవ్వు రంగును చెదరనీయదు. ఇనుపముక్కలను బెల్లపు నీటిలో దినములకొలది ఊరవైచి తీసిన కసిమితో నల్లగీతలు వ్రాయుదురు. ఎఱ్ఱగా కావలసిన చోట్ల పటికనీరు పూయుదురు. అప్పుడు చూడ అచట రంగే యుండదు. చిరివేరు వేసి కాచినప్పుడు పటిక తాకిన చోటెల్ల ఎఱ్ఱబాఱును, తాకని చోటు తెలుపెక్కును. నీలి రంగునకై మిగిలిన బట్టనంతయు మైనముతో కప్పి నీలితొట్టిలో ముంచుదురు. నడుమ నడుమ పారుటేటిలో ఉదుకుట, ఎండవేయుట. కృష్ణ నోటిగడ్డలలో పెరిగిన చిరివేరునకు నిజాంపట్టణపు సీమ ప్రసిద్ధి కెక్కెను. ఇట్లు తయారైన పలంగుపోషు ఎన్ని యుతుకులకైన వెలియదు. యూరపులో నాటికి ఇట్టి రంగు నూలుబట్టపై నిలుపు విద్య లేదు.

కావుననే అచటి నేతగాండ్రు గగ్గోలు పెట్టిరి. ఫ్రాన్సు ప్రభుత్వము 1686లో అద్దకపు బట్టలను నిషేధించి 1759 వఱకును ఆ నిషేధమును నడపెను. ఇంగ్లండు 1700లో ఒక చట్టమును, 1721లో మఱియొక చట్టమును చేసెను. 1719లో లండను వీధులలో నేతగాండ్రు గుంపులు గూడి, కోస్తా బట్టలు కట్టిన స్త్రీల మీదనుండి బట్టలు చించివేసిరి. నరసాపురము చెంత మాధవాయపాలెమను పల్లె పేరు ఇంగ్లీషు నిఘంటువులో ఒక రకపు బట్టకు పేరై కూర్చున్నది. ఈ సంగతులు మన పిల్లలకు చెప్పవలసినవి. చెప్పినప్పుడు వారి మొగములు వికసించును, మేము చూచితిమి. ఇంతవఱకు గర్వము న్యాయమే.

ఇక్కడ మఱియొక తెగవారు లేచి, "చూచితిరా, బంగారము వెల్లువలై వచ్చిన దేశము మనది" అని మీసము దువ్వుదురు. వచ్చిన మాట నిజము. ఎవరింటికి వచ్చినది? అన్నోజిగూడకు దక్షిణముగా మూసీ కావలి వైపున హయత్‌నగరమున్నది. గోలకొండనుండి బందరునకు బోవు బాట ఆ మీదుగా సాగెడిది. అబ్దుల్లా కుతుబ్‌షా తల్లి హయాత్ బక్షీ బేగము అచట మసీదును, బాటసారులకు సరాయిని గట్టించెను. బందరున దిగిన వెండియు రాగియు ఆ బాటనే రాజధాని కెక్కినవి. నేతగానికి చేరినది బయానా. కంపెనీ పెద్ద వర్తకునకు ముందు సొమ్మిచ్చును; అతడు చిన్న వర్తకునకు, చిన్న వర్తకుడు నేతగానికి. బయానా చేతబడిన నాడే మగ్గము మీది బట్ట పరులదగును. నూలు ధర పెరిగినను బియ్యపు ధర పెరిగినను నష్టము అతనిదే. పైన రేవులను, పరగణాలను ఏటేట వేలము వేయు పద్ధతి. 1618 మొదలు 1622 వఱకు బందరులో నున్న విలియం మెత్‌వోల్డు ఈ వేలపు పాటల వలన ప్రజలు పడు పాట్లను వ్రాసిపెట్టినాడు. పాటపాడి కొన్నవాడు ఏడాదిలోపల తన సొమ్ము రాబట్టుకొనవలెను గదా!

వజ్రముల సంగతియు నింతే. మెత్‌వోల్డు కొల్లూరు గనిని కన్నులార చూచి, అచట పనిచేయువారు 30,000 మంది యని వ్రాసెను. గని గుత్త ఏటికి 3 లక్షల వరహాలు. పది కారట్లకు మించిన రాయి సుల్తానుది. తరువాత వచ్చిన తావెర్నియే అచటివారిని 60,000గా లెక్కించెను. మగవారు త్రవ్వగా ఆడువారును పిల్లలును మన్ను మోసిరట. రావుల్‌కొండ యని ఆయన వ్రాసిన మఱియొక గనిలో పనివాని కూలి ఏడాదికి 3 వరహాలు. 1702లో మదరాసు గవర్నరు తామస్ పిట్టు ఒక్క రాతిని 48,000 వరహాలకు కొనెను. 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధికి 1,35,000 పౌండ్ల కమ్మెను. తావెర్నియే చెప్పిన కూలి ప్రకారము పిట్టు ఇచ్చిన వెలతో 16,000 మంది పనివారికి ఏడాది కూలి యియ్యవచ్చును. లెక్క మాదే, సందేహము గలవారు భాగించి చూచుకొందురుగాక. ఆ కొల్లూరు నేడు పులిచింతల జలాశయపు నీటిలో మునిగియున్నది.

పూసల కథ చెప్పువా రొక తేదీని మఱతురు. 1766లో నిజాము అలీఖాను ఉత్తర సర్కారులను ఇంగ్లీషువారికి వదలెను. అంతవఱకు వారు కొనుటకు వెండి తెచ్చిరి. తరువాత మన పన్నుల సొమ్ముతో మన బట్టనే కొనిరి. నేతగాని యింటిముందు బంట్రోతును గూర్చుండబెట్టిరి. దోపిడి యనదగినది ఇక్కడ మొదలగును. నూటయేబది యేండ్ల వర్తకమును దాని వెనుకటి దోపిడితో గలిపి ఒకే ముద్ద చేసి పిల్లలకు పెట్టుట వలన రెండును జీర్ణము కావు. వర్తకపు కాలములో మనము చేతులు గలవారము, నోరు గలవారము, బేరమాడినవారము. బేరమాడిన వాడు ఏమేమి అమ్మెనో లెక్క చెప్పవలసియుండును.

ఇప్పు డా మఱచిన సరకు. 1621లో యాన్ కూన్ అను డచ్చి గవర్నరు జనరలు బాందా దీవులపై దండెత్తి, అచటి జనములో నత్యధిక భాగమును చంపియు, ఆకటికి మాడ్చియు, తఱిమియు దీవులను ఖాళీ చేసెను. జాజితోటలు మిగిలినవి, పనిచేయు చేతులు లేవు. బటావియా పట్టణము కొత్తగా వెలసినది. అచటను చేతులు కావలెను. ఆ చేతులు దొరకిన తావులలో కోరమాండలు తీర మొకటి. మన పెద్దలు ప్రళయకావేరి యని పిలిచిన పులికాటులో 1613లో డచ్చివారు గెల్‌డ్రియా కోటను గట్టిరి. 1622, 1623 సంవత్సరములలో దేశమున కఱవు రాగా, పులికాటునుండియు దక్షిణమున దేవనాంపట్టణమునుండియు ఓడలు మనుష్యులను నింపుకొని బటావియాకు బోయెను. 1646లో మఱల కఱవు. ఆ యొక్క యేటనే బటావియాకు చేరినవారు రెండువేలకు పైబడిరి. 1659 మొదలు 1661 వఱకు తంజావూరు సీమలో యుద్ధమును క్షామమును గలసిరాగా వేలకొలది జనము సింహళమునకును బటావియాకును అమ్ముడుపోయిరి. ఇంగ్లీషువారు ఈ పనిలో వెనుకబడిరని యెవరైన ననుకొందురేమో! గోలకొండ ఔరంగజేబు వశమైన 1687వ సంవత్సరముననే, సెప్టెంబరు నెలలో, మదరాసు కోటనుండి వా రెగుమతి చేసిన బానిసలు 665 మంది. అప్పటి గవర్నరు ఎలిహు యేల్. అమెరికాలో ఏ విశ్వవిద్యాలయమున సీటు వచ్చిన తెలుగు తల్లిదండ్రులు వీధివీధి మిఠాయి పంచుదురో, దానికి ఈయన పేరే పెట్టినారు. 1718లో ఈయన పంపిన బట్టలు మున్నగువాని నమ్మగా ఆ విద్యాలయమునకు 562 పౌండ్లు వచ్చినవి. ఆ విశ్వవిద్యాలయము 2024లో బానిసత్వముతో తనకుగల సంబంధమును గ్రంథముగా ప్రకటించి క్షమాపణ చెప్పినది.

ఓడ యెక్కినవారికి పేరును మిగులలేదు. దక్షిణాఫ్రికాలోని కేపు పట్టణమునకు కొనిపోబడినవారిని ఏదో యొక క్రైస్తవనామముతో, దాని వెనుక "కోరమాండలువాడు" అని తగిలించి దస్త్రములలో వ్రాసిరి. తల్లి పెట్టిన పేరు, ఊరి పేరు, ఇంటి పేరు, అన్నియు ఒడ్డుననే యుండిపోయినవి.

వీరిని ఓడవద్దకు తెచ్చిన దెవరు? డచ్చివాడు పల్లెపల్లెకు దిరిగి పిల్లలను పట్టలేదు. అతనికి పల్లె తెలియదు, భాష రాదు. కఱవు వచ్చినప్పుడు ముందు ఎద్దు పోవును, తరువాత నగ, తరువాత బిడ్డ. ఆ బిడ్డను బియ్యమునకు కొన్న మధ్యవర్తి మనవాడు. మన ధర్మశాస్త్రములకు ఈ బేరము తెలియని దని మేము చెప్పజాలము. నారదస్మృతి పదునైదు రకముల దాసులను లెక్కించినది. వారిలో నొకడు అనాకాలభృతుడు, అనగా క్షామకాలమున అన్నము పెట్టి దాసునిగా చేసికొనబడినవాడు. తెల్లవాని ఓడ రాకమునుపే మన యొద్ద ఆ మనుష్యునకు పేరున్నది. స్మృతికారుడు పేరు పెట్టునంతగా ఆ యాచారము వ్యాపించియున్నది. ఓడ వచ్చినది, సంత పెరిగినది.

హరిశ్చంద్ర నాటకములో చంద్రమతిని అమ్ము ఘట్టము వచ్చినప్పుడు కంట తడి పెట్టని తెలుగువాడు లేడు. కాశి వీధిలో ఆలిని బిడ్డను వేలము వేయుట మనకు రాత్రి తెల్లవార్లు కూర్చుండి ఏడ్వదగిన కథ. అచట విశ్వామిత్రు డున్నాడు, ఋణమున్నది, సత్యమున్నది, చివర దేవతలు ప్రత్యక్షమగుదురు. పులికాటు వేలమునకు దేవతలు రాలేదు గావున మనము నాటకము కట్టలేదు.

ఈ సంగతి మేము నలుగురిలో నెత్తినప్పుడు వచ్చిన యాక్షేపణలు చెప్పెదము. మా పొరుగున నుండు పెద్దమనిషి యొకరు, చదువుకొన్నవారు, "అయ్యవారూ, ఇది పరదేశీయుల పాపము, మీరు తవ్వి మన నెత్తిన పోయుచున్నారు" అనిరి. పాపము పంచిపెట్టుట మా పని కాదు. ఓడ వారిది, ఇనుపగొలుసు వారిది, వెల నిర్ణయించిన దస్త్రము వారిది. తూకపు రెండవ తట్టలో నున్నది మన వీధి. ఒక తట్టను మాత్రమే చూపు త్రాసును బడిలో పెట్టుకొని పిల్లలకు లెక్కలు నేర్పలేము.

"అవి యన్నియు అరవసీమ రేవులు, మన కేమి?" అని మఱియొకరు. నిజమే, పెక్కుమంది దక్షిణపు రేవులనుండి పోయినవారే. కాని పులికాటు సరస్సు ఒడ్డున రెండు భాషలవారును కలసియున్నారు. ఆ రేవులో డచ్చివారికి బట్ట సమకూర్చిన పెద్ద వర్తకులు అచ్యుతప్ప సెట్టి, చిన్నన్న సెట్టి తెలుగు బలిజలే. వారి వైభవము మనదియని చెప్పుకొని, వారి రేవున జరిగినది మనది కాదనుట యెట్లు? కఱవు ఇంటి ముందు నిలిచి నీది ఏ భాష యని యడుగదు.

"ఆఫ్రికావారి పాట్లతో పోల్చిన నిది యెంత?" అనువా రున్నారు. లెక్కలో తక్కువైనంత మాత్రమున లెక్కనుండి తీసివేయుదుమా? ఆఫ్రికా పడమటి తీరమున మనుష్యులను కొన్న వెలలో కోరమాండలు నీలిబట్ట యొకటి; దానికి గినీ బట్ట యని పేరే పడినది. నేసినవాని కీ సంగతి తెలియదు, అతనిని మేము తప్పుపట్టము. కాని మన బట్ట జగమంతయు చుట్టివచ్చినదని పాడునప్పుడు ఏ యే వాకిళ్ళ దొక్కి వచ్చినదో పాటలో నుండవలదా?

ఇక, కోహినూరు. ఏదో నెపమున దాని పేరు పత్రికలలో రాగానే మన వీధి అరుగులు వేడెక్కును. కొల్లూరు రాయి, మనది, తేవలెను. 1849లో ఇంగ్లీషువారు పసివాడైన దులీపు సింగుచేత సంధిపత్రముపై వ్రాలు చేయించి దానిని లాహోరునుండి పట్టుకొనిపోయిరి, అది అన్యాయమే. 2016లో మన ప్రభుత్వపు న్యాయవాది సుప్రీముకోర్టులో, అది దొంగిలింపబడినది కాదని చెప్పినప్పుడు దేశమంతయు నొచ్చుకొన్నది; నొచ్చుకొనుట సహజమే. రాతికై యింత నొచ్చుకొను మనము మనుష్యునికై యొక్క మాట నడుగ లేదేమి? 2022 డిసెంబరు 19వ తేదీన నెదర్లాండ్సు ప్రధానమంత్రి రూటె తమ దేశపు బానిస వర్తకమునకు క్షమాపణ చెప్పెను. ఆసియాలో డచ్చి కంపెనీ యేలుబడి చోట్ల 6 లక్షల 60 వేలనుండి 10 లక్షలకు పైబడిన జనము అమ్ముడుపోయిరని, సరియైన సంఖ్య తమకే తెలియదని ఆయన నోటనే చెప్పెను. మఱుసటి యేడు జూలై 1వ తేదీన వారి రాజును క్షమాపణ వేడెను. ఆ మాట మనలను గూర్చి కూడ నని గుర్తించి చర్చించిన యిల్లు మా యెఱుకలో నొక్కటియు లేదు. రాయి పోయినది రాజుల యింటనుండి, బిడ్డ పోయినది కూలివాని యింటనుండి. కారణ మిదియే గాని వేఱొకటి మాకు దోచదు.

సంస్కారము లెక్క వ్రాయుటతో మొదలగునని తెలుగువారికి ఒకరు చెప్పవలసిన పని లేదు. విశాఖపట్టణపు మండలములో కన్నెపిల్లలను వెలకమ్ముట యెంతగా నున్నదో తెలియక పెద్దలు కాదు లేదనుచుండగా, విజయనగరపు మహారాజు పట్టిక వ్రాయించెను. మూడేండ్లలో వేయికి మించిన పెండ్లిండ్లు తేలినవి. గురజాడ అప్పారావుగారు కన్యాశుల్కపు పీఠికలో దానిని చెప్పిరి. అంకె యెదుట నిలిచిన తరువాత కాదనువారి గొంతు తగ్గినది. ఓడలకు కూడ అట్టి పట్టిక కావలెను.

ఇది పాత గొడవ యనువారికి ఒక మాట. అన్నోజిగూడ చుట్టుపట్ల నేడు మేడపై మేడ లేచుచున్నది. పోచారములో పెద్ద కంపెనీల కార్యాలయములు వెలసినవి. గోడ కిటుక కావలెను. పడమటి ఒడిషానుండి కుటుంబములకు కుటుంబములు దళారి చేతి నుండి ముందు సొమ్ము పుచ్చుకొని తెలంగాణపు ఇటుక బట్టీలకు వచ్చుట జగమెఱిగిన విషయము. ఆ సొమ్ము తీరువఱకు ఆలుబిడ్డలతో అచటనే. వెట్టిచాకిరి నిర్మూలన చట్టము 1976 నాటిది. బానిసత్వమును గుర్తింపరాదని కంపెనీ ప్రభుత్వము చేసిన చట్టము 1843 నాటిది. బయానా మాత్రము రెండింటికిని ముందు పుట్టి రెండింటి వెనుకను బ్రదికియున్నది. బడియీడు పిల్లలు ఇటుకలు తిరుగవేయుచుండగా వారిని బడికి పిలువబోయిన ఉపాధ్యాయునితో బట్టీ గుమాస్తా, "వాళ్ళు మా లెక్కలోని వాళ్ళు, పంతులుగారూ" అనుట మేము విన్నాము. పులికాటు దస్త్రములో వ్రాసిన గుమాస్తాయు నిట్టి మాటయే యనియుండును.

మేము కోరునది చెప్పెదము. పాఠ్యపుస్తకములో బందరు వర్తకమును జెప్పుచోట వస్త్రము, వజ్రము, నీలిమందు, ఉక్కు, సురేకారము అని వ్రాసిన వరుసలో మనుష్యులు అను మాట చేర్చవలెను. బందరులో వలందపాలెము, ఇంగ్లీషుపాలెము, పరాసుపేట అను పేర్లు నేటికిని నిలిచియున్నవి. డచ్చివారి సమాధులపై చెక్కిన పేర్లు చదువ వీలగుచున్నవి. పులికాటులోను వారి శ్మశానవాటికను కాపాడుచున్నారు, మంచిదే. ఓడ నెక్కినవారికి గుర్తుగా ఆ తీరమున నొక్క రాయి నాటింపవలెను.

వారి లెక్క దొరకదని నిరాశ పడ నక్కఱలేదు. డచ్చి కంపెనీ దస్త్రములు హేగు నగరపు ప్రభుత్వ భాండాగారములో నున్నవి. కొన్ని చెన్నపట్టణపు భాండాగారములోను గలవు. హేగులోని వానికి ఛాయాచిత్రములు తీసి ఎల్లవారికి తెఱచియుంచినారు. ఇంట కూర్చుండియే పుట వెంట పుట చూడవచ్చును. ఏ యోడ, ఏ రేవు, ఎందఱు మగవారు, ఎందఱు ఆడువారు, దారిలో ఎందఱు చచ్చిరి అను వివరములకై వెదకవలసినది ఆ కట్టలలోనే. అమెరికా ప్రయాణమునకై నెలకొక క్రొత్త పరీక్షకు చదువు మన యిండ్ల పిల్లలలో ఇద్దఱు ముగ్గురు ఆ పదునేడవ శతాబ్దపు డచ్చి వ్రాతను చదువ నేర్చుకొన్న చాలును. నేర్చుకొనదలచినవారు మాకు వ్రాసిన, పుస్తకముల వెలలో సగము మేము పెట్టుకొందుము.